హద్దులున్న క్షేత్రం – అంతులేని ప్రశ్న

(బి.యస్సీ. గణితం, తృతీయ సంవత్సరం)

గణితం పేరు కనబడగానే పేజీ తిప్పేయబోయే మిత్రులకు ముందుగా ఒక మనవి. ఈ సంచికలో కవితలున్నాయి, కథలున్నాయి, యూనియన్ కార్యదర్శి నివేదిక ఉంది. వాటి దగ్గరికి మీరు ఎలాగూ వెళ్తారు. నేనడిగేది ఒక్క పావుగంట. సరంజామా కూడా పెద్దగా అక్కరలేదు. ఒక పెన్సిలు, ఒక చిత్తుకాగితం, ఐదో తరగతిలో పంతులుగారు నేర్పిన భాగహారం – ఇవి చాలు.

ఒకటిని 7తో భాగించండి. 0.142857 వస్తుంది. అక్కడితో ఆగకండి. మళ్లీ 142857, మళ్లీ 142857. ఆరు అంకెలు వచ్చి మొదటికే తిరుగుతాయి. ఒకటిని 3తో భాగిస్తే ఒకే అంకె తిరుగుతుంది. 11తో భాగిస్తే రెండు (09), 37తో మూడు (027), 101తో నాలుగు (0099), 41తో ఐదు (02439). 13తో భాగిస్తే ఆరు (076923). 17 దగ్గర మాత్రం కాస్త ఓపిక కావాలి. 0588235294117647 అని పదహారు అంకెలు వచ్చాక గాని మొదటిది మళ్లీ కనబడదు. 19కి పద్దెనిమిది. 97కి తొంభై ఆరు!

బడిలో మనకు చెప్పింది ఒక్కటే: ఇది ఆవర్తన దశాంశం, తిరిగే అంకెల మీద గీత గీయండి అని. గీత గీశాం, మార్కులు వచ్చాయి. కాని 7కి ఆరు, 13కీ ఆరే, 17కి ఏకంగా పదహారు ఎందుకు? ఎన్ని అంకెలకు తిరగాలో ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు. కాని దీని వెంట నడిచిపోతే దారి ఎంత దూరం పోతుందో చెప్పాలనే ఈ వ్యాసం.

జవాబు భాగఫలంలో లేదు, శేషంలో ఉంది. 7తో భాగించేటప్పుడు ఒక్కో మెట్టు దగ్గర మిగిలేదేమిటో పక్కన రాసుకుంటూ రండి. మొదట 1. దానికి సున్న చేరిస్తే 10. ఏడు పోతే 3 మిగిలింది. 30లో ఇరవై ఎనిమిది పోతే 2. 20లో పద్నాలుగు పోతే 6. ఆ తరువాత 4, ఆ తరువాత 5, ఆ తరువాత మళ్లీ 1. ఒకటి వచ్చిందంటే కథ మొదటికి వచ్చినట్టే. మనం చేస్తున్న పని ఏమిటి? ప్రతిసారీ పదితో గుణించడం, ఏడులన్నీ తీసేయడం. అంతే. పదిలో ఒక ఏడు పోతే మూడు గనుక, ప్రతిసారీ మూడుతో గుణించడం అన్నా ఒకటే. మూడు, మూడు మూళ్లు, మూడు మూళ్ల మూళ్లు... ఇలా పోగా పోగా ఆరో మెట్టు మీద ఒకటి దొరికింది. ఈ ఆరునే మా పాఠంలో ఆ మూలకం యొక్క ఆర్డరు అంటారు. ఒక సంఖ్యను దానితోనే గుణించుకుంటూ పోతే ఎన్నో మెట్టుమీద ఒకటి వస్తుందో అదే దాని ఆర్డరు.

ఇదంతా జరిగే చోటుకు పరిమిత క్షేత్రం అని పేరు. బోర్డు మీద ఆ మాట మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా యింట్లో చేను అంటారు, పొలం అంటారు. క్షేత్రం అన్న మాట వ్యవసాయశాఖ వారు గట్టు మీద పాతే బోర్డులోనే చూశాను. సాగర్ కుడి కాలువ చివర మాకున్నది రెండెకరాల డెబ్భై సెంట్లు. అంతకంటె పరిమితమైన క్షేత్రం ఏముంటుంది!

కాని పోలిక వట్టి వేళాకోళం కాదు. ఈ క్షేత్రంలో ఉన్నవి 0 నుంచి 6 వరకు ఏడే సంఖ్యలు. కూడండి, తీసెయ్యండి, గుణించండి; గట్టు దాటిపోతే ఏడులు తీసేసి మళ్లీ లోపలికే వస్తారు. సున్న తప్ప ప్రతిదానికీ ఒక జత ఉంటుంది, ఆ రెండింటినీ గుణిస్తే ఒకటి వస్తుంది. 3కి 5 జత, 2కి 4 జత, 6కి 6 తానే. జత ఉంది కాబట్టి భాగహారం కూడా చెల్లుతుంది. హద్దు 7 అయినా, 11 అయినా, 13 అయినా ఇంతే. ప్రధాన సంఖ్య అయితే చాలు. 6ను హద్దుగా పెట్టి చూడండి, పని చెడుతుంది. అక్కడ రెండు మూళ్లు సున్న. సున్న కాని రెండింటిని గుణిస్తే సున్న వచ్చే చోట 2కూ 3కూ జత ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే ఒకటిని 6తో భాగిస్తే 0.1666 అని వస్తుంది గాని మొదటి అంకె 1 మళ్లీ రాదు. ప్రధాన సంఖ్య హద్దుగా ఉన్నచోట మాత్రం, సున్న తప్ప బయలుదేరిన ప్రతి సంఖ్యా ఏదో ఒకనాటికి ఒకటి దగ్గరికి చేరి తీరుతుంది.

ఏడు క్షేత్రంలో అందరి ఆర్డర్లూ ఒకసారి చూద్దాం. 1 అక్కడే ఉంది, దాని ఆర్డరు 1. రెండు: 2, 4, 1 – మూడు మెట్లు. మూడు: 3, 2, 6, 4, 5, 1 – ఆరు మెట్లు. నాలుగు: 4, 2, 1 – మూడు. ఐదు: 5, 4, 6, 2, 3, 1 – ఆరు. ఆరు: 6, 1 – రెండు. వచ్చిన ఆర్డర్లు 1, 2, 3, 6. నాలుగు మెట్లు పట్టినది ఒక్కటీ లేదు. ఐదు మెట్లు పట్టినదీ లేదు. వచ్చినవన్నీ 6ను శేషం లేకుండా భాగించేవే.

ఇదేదో కాకతాళీయం అనుకోకండి. రెండు తిరిగిన చుట్టు 2, 4, 1. దానికి బయట మిగిలినవి 3, 5, 6. ఇప్పుడు ఆ చుట్టులోని మూడింటినీ 3తో గుణించండి: 6, 5, 3 వచ్చాయి. అంటే మిగిలినవి సరిగ్గా అంతే కొలతగల ఇంకో మడి. ఏ సంఖ్య చుట్టును తీసుకున్నా, సున్న కాని మిగతావన్నీ అదే కొలతగల మడులుగా విడిపోతాయి. ఒక మడి ఇంకోదాని మీదికి రాదు, మధ్యలో చారెడు నేల కూడా మిగలదు. కాబట్టి ఒక మడి కొలత మొత్తాన్ని నిశ్శేషంగా భాగించవలసిందే. పదమూడు దగ్గర మొత్తం 12. పది ఆర్డరు 6. అంటే రెండు మడులు. 1/13 అంకెలు 076923. 2/13 అంకెలు 153846. 3/13 నుంచి 12/13 వరకు ఏది తీసుకున్నా ఈ రెండు చుట్లలో ఏదో ఒకటే, మొదలయ్యే చోటు మాత్రమే వేరు. నమ్మకం లేకపోతే చేసి చూసుకోండి.

హద్దుగా ఉన్న ప్రధాన సంఖ్యకంటె ఒకటి తక్కువైన సంఖ్యను ఆర్డరు ఎప్పుడూ భాగిస్తుందన్న ఈ సంగతిని 1640 అక్టోబరు 18న ఫెర్మా ఒక మిత్రుడికి ఉత్తరంలో రాశాడు. ఆయన వృత్తి న్యాయశాస్త్రం, గణితం తీరిక వేళల్లో. రుజువు మాత్రం ఉత్తరంలో పెట్టలేదు. దాదాపు వంద సంవత్సరాల తరువాత, 1736లో, ఆయిలర్ రుజువు రాశాడు.

ఇక్కడ మా నాన్న ప్రస్తావన రావాలి.

మాది కాలువ చివరి భూమి. నీళ్లు వంతుల మీద వస్తాయి. పోయిన రబీలో మొక్కజొన్నకు ఒకసారి మా వంతు రాత్రి రెండు గంటలకు వచ్చింది. నాన్నా నేనూ బోదె దగ్గర కూర్చున్నాం. పైవాళ్ల మడి నిండేదాకా చేసే పనేమీ లేదు.

"కాలేజీలో నీకు చెప్పేదేందిరా అసలు?" అని అడిగాడు.

సెల్‌ఫోన్ వెలుగులో, తడి గట్టు మీద పుల్లతో ఏడు క్షేత్రం గీశాను. మూడు ఎలా తిరిగిందో, రెండు ఎలా తిరిగిందో చూపించాను. నాన్న చదివింది ఏడో తరగతి. చుట్టలు చుట్టినట్టున్న ఆ అంకెల్ని కాసేపు చూశాడు.

"మూడు అందరి గుమ్మాలూ తొక్కొచ్చింది. మరి రెండుకేం రోగం? మూడిళ్లకే పోయి తిరిగొచ్చింది?"

నేను మడుల సంగతి చెప్పబోయాను. ఆయన వినలేదు. బోదె వైపు చూసి తనే అందుకున్నాడు.

"ఈ బోదె కింద ఆరుగురం. వరసన ఇచ్చుకుంటూ పోతే ఆరుగురికీ అందుద్ది. ఒకణ్ని వదిలి ఒకడికి ఇస్తే ముగ్గురికే తిరుగుద్ది. ఎన్నాళ్లు తిప్పినా ఆ ముగ్గురే. మిగతా ముగ్గురి చేలూ ఎండాల్సిందే. ఇద్దర్ని వదిలి మూడోవాడికి ఇస్తే ఇద్దరే తడుపుకుంటారు." కాసేపు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "నలుగుర్ని వదిలి ఐదోవాడికి ఇస్తే మళ్లీ ఆరుగురికీ వస్తది. కాకపోతే వెనకనించి వస్తది."

మిత్రులారా, ఇది పోలిక కాదు, సిద్ధాంతమే. మూడు తిరిగిన వరసలో ఆరు సంఖ్యల్ని ఆరు ఇళ్లుగా పేర్చండి: 3, 2, 6, 4, 5, 1. మూడుతో గుణించడమంటే పక్కింటికి పోవడం. రెండు రెండో ఇంట్లో ఉంది. కాబట్టి రెండుతో గుణించడమంటే ఒక ఇల్లు వదిలి మరో ఇంటికి పోవడం. అందుకే మూడిళ్లు. ఆరు మూడో ఇంట్లో ఉంది, దానికి రెండిళ్లు. ఐదు ఐదో ఇంట్లో ఉంది, అది వెనకనుంచి ఆరిళ్లూ తిరుగుతుంది. ఒక సంఖ్య ఎన్నో ఇంట్లో ఉందో, ఆ అంకెకూ ఆరుకూ ఉమ్మడి భాజకం ఎంతో చూస్తే దాని ఆర్డరు తెలిసిపోతుంది. మా పుస్తకంలో ఈ రుజువు అరపేజీ ఉంది. నాన్నకు నీళ్ల వంతు తప్పితే పైరుకు ఏమవుతుందో తెలుసు గనుక పుస్తకం అవసరం లేకపోయింది.

మూడులాగా క్షేత్రమంతా తిరిగి వచ్చే సంఖ్యను ప్రిమిటివ్ రూట్ అంటారు. హద్దు ఏ ప్రధాన సంఖ్య అయినా అలాంటిది కనీసం ఒకటి ఉండి తీరుతుందని గౌస్ 1801లో అచ్చయిన తన గ్రంథంలో నిరూపించాడు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు. ఉంటుందని చెప్పడం వేరు, అది ఏదో చెప్పడం వేరు. ప్రధాన సంఖ్యను చూడగానే ఇదిగో ఇదే అని చెప్పే సూత్రం మాత్రం లేదు. వెతికి పట్టుకోవాల్సిందే.

ఆ రాత్రి నాన్న ఇంకో మాట కూడా అన్నాడు. "అదే ఈ బోదె కింద ఏడుగురం ఉంటే, ఎంతమందిని వదిలి ఇచ్చినా అందరికీ అందుద్ది గదరా!" నిజమే. ఏడు ప్రధాన సంఖ్య. ఇద్దర్ని వదిలినా, నలుగుర్ని వదిలినా, వంతు ఎవణ్నీ ఎండగట్టదు. కాని నా క్షేత్రాల్లో ఏడు ఇళ్లు ఎక్కడ? ఏడు ఇళ్లు కావాలంటే హద్దు 8 కావాలి. ఎనిమిది ప్రధాన సంఖ్య కాదు, దానితో శేషాలు తీస్తే రెండు నాలుగులు సున్న అయిపోతాయి.

దీనికి జవాబు చెప్పినవాడు ఎవారిస్తు గాల్వా. 1811లో పుట్టాడు. 1830లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఈ విషయం మీద ఒక వ్యాసం అచ్చువేశాడు. 1832 మే 31న, ద్వంద్వయుద్ధంలో తగిలిన తుపాకి గాయంతో, ఇరవయ్యో ఏట చనిపోయాడు. నాకిప్పుడు ఇరవై. ఆయన చేసినదాన్ని అర్థం చేసుకోవడానికే నాకు ఒక సెమిస్టరు పట్టింది.

గాల్వా దారి ఇది. 0, 1 అని రెండే సంఖ్యలున్న క్షేత్రంతో మొదలుపెట్టండి. అక్కడ ఒకటీ ఒకటీ కలిస్తే సున్న. దానిలోకి "అ" అనే కొత్త మూలకాన్ని తెచ్చి, అ ఘనం అంటే అ + 1 అని ఒక షరతు పెట్టండి. అ తో గుణించుకుంటూ పోతే వరసగా అ, అ వర్గం, అ + 1, అ వర్గం + అ, అ వర్గం + అ + 1, అ వర్గం + 1, చివరికి ఏడో మెట్టు మీద 1 వస్తాయి. సున్నతో కలిపి ఎనిమిది మూలకాలు. ఇది నిఖార్సయిన క్షేత్రం. ఇందులో ఒకటి తప్ప మిగతా ఆరింటిలో ఏది బయలుదేరినా ఏడు ఇళ్లూ తిరిగే వస్తుంది. నాన్న కోరుకున్న బోదె ఇదే. 4, 8, 9, 16, 25, 27 – ఇలా ఒకే ప్రధాన సంఖ్యను మళ్లీ మళ్లీ గుణిస్తే వచ్చే కొలతలకు క్షేత్రాలున్నాయి. 6కు, 10కి, 12కు లేవు. ఎంత తవ్వినా రావు.

"అంతా బాగానే ఉంది గాని, ఇది దేనికి పనికొస్తుంది?" అని మీరు అడగకపోయినా మా మామయ్య అడుగుతాడు. ప్రతి పండక్కీ అడుగుతాడు. ఆయనకు చెప్పిన జవాబే ఇక్కడా రాస్తాను.

మన కాలేజీ గేటు ఎదురుగా టీకొట్టు గోడకు క్యూఆర్ కోడ్ కాగితం అతికించి ఉంటుంది. టీ మరకలు పడ్డాయి, ఒక మూల చిరిగింది. అయినా ఫోను పెట్టగానే డబ్బు పోతుంది. చెరిగిన గళ్లలో ఏముండాలో మిగిలిన గళ్లను బట్టి లెక్కగట్టే పద్ధతిని 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు చెప్పారు. క్యూఆర్ కోడ్ 1994లో జపానులో పుట్టింది. అది 256 మూలకాల క్షేత్రంలో పనిచేస్తుంది. ఆ కోడ్ లెక్కలన్నీ ఒక మూలకం చుట్టూ తిరుగుతాయి. దాని ఆర్డరు 255, అంటే అన్ని ఇళ్లూ తిరిగేది. అదే దాని బలం. గట్టిరకం కోడ్‌లో సమాచారం సుమారు 30 శాతం దాకా చెడినా తిరిగి రాబట్టవచ్చు.

ఇంకో విచిత్రం. 2001లో అమెరికా ప్రభుత్వం ఆమోదించిన ఏ.ఇ.ఎస్. అనే రహస్యలిపి కూడా 256 మూలకాల క్షేత్రంలోనే పనిచేస్తుంది. కాని క్షేత్రాన్ని కట్టేటప్పుడు పెట్టుకున్న షరతు వేరు. మన "అ" లాంటి కొత్త మూలకాన్ని రెండుచోట్లా 2 అనే అంకెతో రాస్తారు. క్యూఆర్ కోడ్‌లో ఆ 2కు ఆర్డరు 255. ఏ.ఇ.ఎస్.లో అదే 2కు ఆర్డరు 51 మాత్రమే. అక్కడ అన్ని ఇళ్లూ తిరిగేది 3. రాత ఒకటే అయినంత మాత్రాన నడక ఒకటి కాదు.

1976లో డిఫీ, హెల్మన్ చూపించిన మార్గం ఇంకా సూటిగా ఆర్డరు మీదే నిలబడింది. ఒక పెద్ద ప్రధాన సంఖ్య, దాని క్షేత్రంలో ఒక సంఖ్య – ఈ రెండూ అందరికీ తెలిసినవే. నేను రహస్యంగా కొన్ని మెట్లు నడిచి చేరిన చోటు మీకు చెబుతాను, మీరు మీ మెట్లు నడిచి చేరిన చోటు నాకు చెబుతారు. మీరు చెప్పిన చోటునుంచి నా మెట్లు నేను, నా చోటునుంచి మీ మెట్లు మీరు నడిస్తే ఇద్దరం ఒకే చోటుకు వస్తాం. మధ్యలో విన్నవాడికి ఆ చోటు తెలియాలంటే ఎన్ని మెట్లు నడిచామో వెనక్కి లెక్కగట్టాలి. సంఖ్య ఆర్డరు చిన్నదైతే చుట్టంతా ఒకసారి తిరిగి చూసి పట్టేస్తాడు. ఆర్డరు పెద్దదై, దాన్ని భాగించేవాటిలో ఒక పెద్ద ప్రధాన సంఖ్య ఉంటే, మామూలు కంప్యూటర్లతో ఆచరణలో వెనక్కి లెక్కగట్టే దారి ఎవరికీ దొరకలేదు. ఫెర్మా ఉత్తరం రాసిన 336 ఏళ్లకు దానికి ఈ పని తగిలింది.

ఇదంతా మామయ్యకు చెప్పిన జవాబు. నాకు నేను చెప్పుకునే జవాబు వేరే ఉంది. దాని కోసం మళ్లీ మొదటి భాగహారానికి పోవాలి.

ఒకటిని 7తో భాగిస్తే ఆరు అంకెలు, 17తో పదహారు, 19తో పద్దెనిమిది. వీటి దగ్గర పది క్షేత్రమంతా తిరుగుతోంది. వందలోపు ఇలాంటి ప్రధాన సంఖ్యలు తొమ్మిది: 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97. వందలోపు ప్రధాన సంఖ్యలే ఇరవై ఐదు. అందులో తొమ్మిదంటే 36 శాతం. ముందుకు పోతే ఇలాంటివి ఇంకా దొరుకుతూనే ఉంటాయా? లేక ఎక్కడో ఒకచోట ఆఖరిది వచ్చి ఆగిపోతాయా?

ఎవరికీ తెలియదు!

ప్రధాన సంఖ్యలకు అంతు లేదని రెండు వేల ఏళ్లకు పైగా తెలుసు. వాటిలో పది పూర్తిగా చుట్టివచ్చేవాటికి అంతు ఉందో లేదో ఈ రోజుకీ తెలియదు. అంతు లేదనీ, మొత్తం ప్రధాన సంఖ్యల్లో సుమారు 37.4 శాతం ఇలాంటివేననీ 1927లో ఎమిల్ ఆర్టిన్ ఊహించాడు. 1967లో హూలీ దీన్ని నిరూపించాడు, కాని రీమన్ ఊహ తాలూకు విస్తృతరూపం నిజమైతేనే అన్న షరతుతో. ఆ షరతు ఇంకా ఎవరూ తీర్చలేదు.

షరతు లేకుండా పెద్ద ముందడుగు వేసింది 1984లో రాజీవ్ గుప్తా, ఎం. రామమూర్తి. పదమూడు సంఖ్యల జాబితా ఒకటి చూపించి, వీటిలో కనీసం ఒకటైనా అంతులేనన్ని ప్రధాన సంఖ్యల దగ్గర పూర్తిగా చుట్టివస్తుందని నిరూపించారు. ఈ రామమూర్తిగారు 1953లో పుట్టింది మా గుంటూరులో. ఈ సంగతి తెలిసిననాడు హాస్టల్లో కనబడినవాడికల్లా చెప్పాను. 1986లో హీత్ బ్రౌన్ ఆ జాబితాను 2, 3, 5 అనే మూడింటికి కుదించాడు. ఈ మూడింటిలో కనీసం ఒకటి ఆ పని చేస్తుంది. ఏది? తెలియదు. రెండు అని చెప్పలేం, మూడు అని చెప్పలేం, ఐదు అని చెప్పలేం. ఫలానా సంఖ్య అని వేలు పెట్టి చూపించగలిగినది ఈనాటికి ఒక్కటీ లేదు.

నాకు ఈ చదువు మీద మనసు నిలిచింది ఇక్కడే. తెలియనిది ఎక్కడో దూరాన ఉంటుందనీ, అక్కడికి పోవడానికి పెద్ద ఊళ్లు, పెద్ద బళ్లు, పెద్ద యంత్రాలు కావాలనీ మావంటి ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. "అవి మనబోటివాళ్లకు కాదులే" అన్న మాట వింటూ పెరిగినవాళ్లం. కాని ఐదో తరగతి పలక మీద చేసే భాగహారంనుంచి మనిషికి తెలిసిన గణితం గట్టు దాకా నాలుగు అడుగులే ఉన్నాయి. ఆ గట్టు మీద నిలబడితే నాకూ, మా అధ్యాపకులకూ, ప్రపంచంలో ఏ గణితశాస్త్రజ్ఞుడికీ కూడా అవతల ఏముందో కనబడదు. ప్రశ్న అడగడానికి మాత్రం అక్కడ అందరికీ చోటుంది. బోదె దగ్గర కూర్చున్న మా నాన్నకు కూడా ఉంది. జవాబు వెతకాలంటే చదువు కావాలి. ఆ చదువు ఉచితంగా రాదు.

డిగ్రీ అయిపోవస్తోంది. మా క్లాసులో చాలామంది కంప్యూటరు కోర్సుల వైపు చూస్తున్నారు. వాళ్లను నేనేమీ అనను. ఎవరి ఇల్లు ఎలా ఉందో వాళ్లకే తెలుసు. ఎమ్మెస్సీ గణితానికి ప్రవేశపరీక్ష రాస్తానని సంక్రాంతి సెలవుల్లో మా యింట్లో చెప్పాను. మామయ్య నవ్వి "ఆ చదువు ఎకరానికి ఎన్ని బస్తాలు పండుద్దిరా?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. కౌలు కట్టాలి, ఎరువుల కొట్లో బాకీ ఉంది, చెల్లి ఇంటర్ మొదటి సంవత్సరం. ఇవన్నీ నాకూ తెలుసు. నాన్న రెండు రోజులు నాతో ఆ ఊసే ఎత్తలేదు. మూడోనాడు బస్సెక్కించడానికి వచ్చి, సంచి అందిస్తూ అన్నాడు:

"రెండేళ్లు. ఆ పైన చెల్లి ఫీజు నీది."

సరేనన్నాను.

జూనియర్ మిత్రులకు ఒక చిన్న పని అప్పగించి ముగిస్తాను. వందనుంచి రెండువందల లోపల ఇరవై ఒక్క ప్రధాన సంఖ్యలున్నాయి. వాటిలో ఎన్నింటి దగ్గర పది పూర్తిగా చుట్టివస్తుందో కనుక్కోండి. భయపడకండి, నూరేసి అంకెలు రాస్తూ కూర్చోనక్కరలేదు. ఉదాహరణకు 103 తీసుకోండి. మొత్తం 102 ఇళ్లు. 102 అంటే రెండు, మూడు, పదిహేడుల లబ్ధం. ఆర్డరు 102ను భాగించాలి గనుక 51వ మెట్టు, 34వ మెట్టు, 6వ మెట్టు – ఈ మూడు చోట్ల చూస్తే చాలు. మూడింటిలో ఎక్కడా ఒకటి రాకపోతే పది అన్ని ఇళ్లూ తిరిగినట్టే. వచ్చిందా, మధ్యలోనే వెనుదిరిగినట్టు. మిగతా ఇరవైకీ ఇదే పద్ధతి. ఒక ఆదివారం పని. జవాబు నేను చెప్పను. లెక్క తేలినవారు సాయంత్రం వేళ గణితశాఖ వరండాలో కనబడండి. టీ నాది.